వీణలో ఎండు నెత్తళ్ళు

ఉప్పలపేట,
మే 20

బొబ్బిలి ఊరి చివర వీణల షెడ్డు జగన్నాధం తమ్ముడికి, ఉప్పలపేట చేపల గున్నమ్మ అక్షింతలు వేసి చెప్పి రాయించేది:

ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కడ నువ్వూ మరదలు జగ్గమ్మా బాగుండాలి. బాగా లేకపోతే మళ్ళీ వచ్చి మరీ తిడతాను.

నాకు చదువు రాదు. మా ఊరి పోస్టాఫీసు దుర్గాభవాని చేత రాయిస్తున్నాను. "అత్తా, నీ మాటలు పుస్తకాల్లో ఉన్నట్టు కొంచెం మార్చి రాస్తాను" అంది. "మార్సుకో. కారం మట్టుకు తగ్గించకు" అన్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అని నువ్వు అనుకుంటావు. ఫోనులో తిడితే అవతలివాడు కట్ చేస్తాడు. ఉత్తరమైతే చివరిదాకా చదవాల్సిందే.

నీ మీద నాకొక ఫిర్యాదు ఉంది. అది చెప్పేముందు జరిగిందంతా మొదటినుంచి చెప్తాను. నీకు తెలిసిందే అయినా విను. దుర్గాభవానికి తెలియదు.

ఏప్రిల్ నడిమినుంచి మాకు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక రెండు నెలలు పడవ సముద్రంలో దిగకూడదు. మంచి మాటే. కానీ అక్కడ చేపలు పిల్లల్ని పెంచుకుంటుంటే ఇక్కడ మా పిల్లలు మా ప్రాణాలు తోడేస్తున్నారు. మొన్న ఆదివారం పొద్దున్న నా మనవడు వినోద్ కూతురు మోక్షిత, ఆరేళ్ళది, సద్దన్నం ముందు కూర్చుని "మామ్మా, కొండ దగ్గరకెల్తే ఎలాగుంటాది?" అంది. నాకు డెబ్భై నాలుగేళ్ళు. పడవలోంచి నీలంగా చూడ్డమే గాని నేనూ ఏనాడూ కొండని ముట్టుకోలేదు. "నాకేటి తెలుసే, మీ నాన్ననడుగు" అన్నాను. వాడు పళ్ళు తోముకుంటున్నాడు. నురగ ఉమ్మేసి, "పదండి, ఎల్లి సూసొద్దుం" అన్నాడు. అంతే. ఎక్కడికి, ఎంత దూరం, మధ్యాహ్నం తిండేమిటి, ఏమీ అనుకోలేదు.

వినోద్‌కి చేపలు తోలే ఐసు వ్యాన్ ఉంది కదా. దాన్ని నాలుగు బకెట్ల నీళ్ళతో కడిగి వెనక పరుపు వేశాడు. వాడి పెళ్ళాం రేఖ తెలివైనది. పిల్లలు ఎండకు తాళరని పెద్ద ఐసు పెట్టెలో నీళ్ళు నింపి, మోక్షితనీ మూడేళ్ళ చిన్నోణ్ణీ అందులో కూర్చోబెట్టింది. శ్రీకాకుళంలో పోలీసాయన ఆపి, వెనక తలుపు తీయించి, "ఏటమ్మా సరుకు?" అన్నాడు. "బతికున్న సరుకు బాబూ" అన్నాను. నవ్వి వదిలేశాడు.

"రాజాం దాటితే కొండే" అన్నాడు వినోద్. రాజాం దాటాం. "బొబ్బిలి దాటితే కొండే" అన్నాడు. మేము ముందుకి వెళ్తుంటే కొండ వెనక్కి వెళ్తోంది. నీ షెడ్డు ముందుకొచ్చేసరికి కొండ రాలేదు గాని వ్యాన్ ముందునుంచి పొగ వచ్చింది. ఐసు పెట్టెలో నీళ్ళు కాగినట్టయ్యాయి. అప్పటిదాకా అక్కని నీళ్ళతో కొట్టిన చిన్నోడు మెడ వాల్చేశాడు. ఒళ్ళు పెనంలా ఉంది. పిలిస్తే పలకడు.

తమ్ముడూ, నలభై ఏళ్ళు నెత్తిన గంపతో ఊళ్ళు తిరిగి, నోరు పెట్టి బతికినదాన్ని. ఆ క్షణాన కేకెయ్యడం కూడా మరిచి, పిల్లాణ్ణెత్తుకుని మీ గుమ్మంలోకి పరిగెత్తాను. జగ్గమ్మ మీరెవరని అడగలేదు, ఏ ఊరని అడగలేదు. పిల్లాణ్ణి నా చేతుల్లోంచి లాక్కుని గచ్చు మీద పడుకోబెట్టి తడిగుడ్డలు చుట్టింది. నువ్వు మోపెడ్ తీసి, వెనక వినోద్‌నీ పిల్లాణ్ణీ ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి ఉరికావు. "ముందే సల్లబరిసి తెచ్చినారు, గుంటడు దక్కినాడు" అన్నాడట డాక్టరు. గంటన్నర తరవాత వాడు కళ్ళు తెరిచి బిస్కత్తు అడిగాడు. నా జన్మలో అంత మంచి మాట వినలేదు.

ఆపైన ఐదుగురికి అన్నం పెట్టారు. పప్పులో ఉప్పు లేదు. కూరలో ఉప్పు లేదు. చారులో కూడా లేదు. అయినా తిన్నాను. జగ్గమ్మ మోక్షితని షెడ్డు వెనక బండరాయి దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది కొండకి పిల్లమ్మా. పెద్దయ్యేక కొండవుతాది" అంది. ఇది ఇప్పుడు పేటంతా తిరిగి కొండపిల్లని ముట్టుకున్నానని చెప్తోంది.

ఇక నా ఫిర్యాదు. బయలుదేరేముందు అరకిలో ఎండు నెత్తళ్ళ మూట నీ చేతికిస్తే, "వద్దప్పా, బీపీ. డాక్టరు ఉప్పుచేప మాన్పించినాడు" అని దండం పెట్టావు. దండం పెడితే నేను ఊరుకుంటానా? మా పేటలో ఒక పద్ధతి ఉంది. మన బిడ్డకి నీళ్ళిచ్చిన ఇంట్లో మన చేతి సరుకు ఏదో ఒకటి పెట్టి రావాలి. తీసుకోకపోతే దాచి రావాలి. తెలిసిందా?

ఇట్లు,
నిన్ను దీవించే అప్ప,
గున్నమ్మ (వేలిముద్ర)

తా.క. నువ్వు వ్యాన్ వైపు వెళ్ళినప్పుడు, నెత్తళ్ళ మూటని నీ షెడ్డులో పడుకోబెట్టిన పెద్ద చెక్క బాన అడుగున పెట్టేశాను. పొడుగు తోక ఉన్న బాన. దానిలో మీరేం దాచుకుంటారో నాకు తెలియదు. వారం లోపు వండుకోండి.

ఇంకో తా.క. (దుర్గాభవాని రాస్తున్నది): అయ్యా, తోక ఉన్న బాన అంటే వీణేమోనని నా అనుమానం. అత్తతో అంటే, "వీణకి తీగలుంటాయి, దానికి లేవు" అని కసిరింది.


బొబ్బిలి,
మే 24

పెద్దవారు గున్నమ్మ అప్పకి, జగన్నాధం నమస్కరించి వ్రాయించుకుంటున్న విన్నపం.

పిల్లవాడు కోలుకున్నాడని విని మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు మేము చేసింది గొప్ప పనేమీ కాదు. ఎవరైనా చేస్తారు.

కానీ అప్పా, మీరు మాకు చేసింది మాత్రం ఎవరూ చెయ్యరు.

ఈ ఉత్తరం రాస్తున్నది మా తమ్ముడి కొడుకు శివాజీ భార్య గౌరి. నాకు కంటి ఆపరేషనై ఎనిమిది నెలలైంది. కన్ను బాగుందని డాక్టరు అంటాడు. నాకు నమ్మకం లేదు. చదవను, రాయను, ఉలి పట్టుకోను. నలభై ఏళ్ళు పనస దుంగలు తొలిచి వీణలు చేసిన చెయ్యి ఒక్క గీత తప్పు గీస్తే ఆ పేరంతా పోతుంది. అందుకని పని శివాజీకి అప్పగించి కుర్చీలో కూర్చుంటున్నాను.

మీరు బాన అన్నది వీణ కుండ. మీరు వచ్చిననాడు షెడ్డులో అలాంటివి రెండున్నాయి. ఒకటి శ్రీకాకుళం సంగీతం టీచరు పద్మకుమారి గారిది. జూన్ తొమ్మిదిన ఆవిడ శిష్యురాలికి మొదటి కచేరీ, దానికోసం చేయించుకున్నారు. రెండోది అడిగినవాళ్ళు వద్దనుకుంటే ఏడాదిగా పడి ఉన్నది. మీరు వెళ్ళిన మర్నాడే శివాజీ రెండింటికీ పైపలకలు అతికించేశాడు. లోపల ఏముందో చూడలేదు. వీణలో నెత్తళ్ళున్నాయేమోనని ఎవరు చూస్తారు?

మీ ఉత్తరం వచ్చేదాకా నాకు షెడ్డులో ఏ వాసనా తెలియలేదు. విన్న దగ్గరనుంచీ రెండు వీణల్లోంచీ వస్తోంది. నిన్న ఒక పిల్లి వచ్చి షెడ్డు గుమ్మంలో కూర్చుంది. ఇది వేదిక ఎక్కి ఆ పిల్ల ఒళ్ళో కూర్చుంటే నా గతేమిటి? పలక లేపితే విరిగిపోయే ప్రమాదముంది. రెండూ లేపలేను. దయచేసి మూట ఏ వీణలో పెట్టారో గుర్తు తెచ్చుకుని వెంటనే రాయించండి.

ఇట్లు,
మీ మేలు కోరే,
జగన్నాధం

తా.క. మా ఆవిడ తనకి ఏ వాసనా రావడం లేదంటోంది. నీ ముక్కు పాడైందన్నాను. "కన్నే పనిసెయ్యదన్నావు, మరి ముక్కెలాగ పనిసేస్తంది?" అని అడిగింది.


ఉప్పలపేట,
మే 28

జగన్నాధం తమ్ముడికి, గున్నమ్మ దీవిస్తూనే కోప్పడుతూ రాయించేది:

వాసనా? నా నెత్తళ్ళు వాసనా?

ఎండు నెత్తళ్ళంటే నీకేం తెలుసు? ఇసక మీద పడేసి ఎండబెట్టేవాళ్ళు వేరు. నేను వల పరిచి, నాలుగు పూటలు తిరగేసి, కాకులతో తగువాడి ఎండబెడతాను. గరివిడి సంతలో నా గంప దిగిందంటే పక్కనున్న చేపలవాళ్ళు బేరం మానేసి నా వైపు చూసేవాళ్ళు. నీ షెడ్డులో వాసన వస్తోందంటే అది నీ లక్కదో, జిగురుదో, ఎనిమిది నెలలుగా కదలని నీ కుర్చీదో అయ్యుంటుంది.

సరే, అడిగావు కనుక చెప్తాను. మూట పెట్టింది సముద్రం వైపు గోడకి ఆనించి ఉన్న బానలో. ఇంతకంటే వివరంగా ఎవరూ చెప్పలేరు. మా పేటలో ఇల్లు ఎక్కడంటే సముద్రం వైపనో, తోట వైపనో చెప్తాం. చిన్నోడు కూడా అలాగే చెప్తాడు.

ఇంకో మాట. తెరిచేది నువ్వు కాదు. శివాజీ చేత తెరిపించు. నీకు కన్ను లేదు, చెయ్యి లేదు, నమ్మకం లేదని నువ్వే రాయించావు. కుర్చీ కాస్త దూరంగా జరుపుకుని కూర్చో. చెక్క పేళ్ళు ఎగిరి మీద పడతాయి, దులుపుకునే ఓపిక కూడా నీకుండదు.

చిన్నోడి సంగతి రాయమని జగ్గమ్మ అడిగి ఉంటుంది. వాడు మళ్ళీ మామూలే. నిన్న నా పక్కన పడుకుని, "మోపెడ్ తాత దగ్గరికెల్దుం మామ్మా" అన్నాడు. స్పృహలేనప్పుడు ఎక్కిన బండి వాడికెలా గుర్తుందో! నాకు నిద్ర పట్టలేదు. వాడి ఊపిరి వింటూ పడుకున్నాను. ఆ రోజునుంచీ రోజూ వింటున్నాను. ఈ ముక్క నీ పెళ్ళానికి ప్రత్యేకంగా చదివి వినిపించు.

నీ గొడవలు ఎన్నున్నా, నువ్వు చల్లగా ఉండాలి.

ఇట్లు,
చేపల గున్నమ్మ (వేలిముద్ర)

తా.క. పిల్లి గుమ్మంలో కూర్చుందన్నావు. ఏ వీణ వైపు చూస్తోందో చూసుకోలేకపోయావా? పిల్లికున్నపాటి బుద్ధి నీకు లేదు.

ఇంకో తా.క. (దుర్గాభవాని): చివరి వాక్యం నేను తీసేస్తానన్నాను. ఉందో లేదో తెలుసుకోవడానికి అత్త ఈ ఉత్తరాన్ని పోస్టుమాన్ గంగులు చేత కూడా చదివించింది. కాబట్టి ఉంది.


బొబ్బిలి,
జూన్ 1

గున్నమ్మ అప్పకి జగన్నాధం వ్రాసుకుంటున్నది. ఇది నా చేతిరాతే. ఇందులోని మాటలు గౌరి చేత రాయించడం నాకు ఇష్టం లేదు.

సముద్రం వైపు గోడ! అప్పా, బొబ్బిలిలో సముద్రం ఎక్కడుంది? ఇది మేము ఆలోచించకుండా చేసింది కాదు. గౌరి తన కొడుకు భూగోళం పుస్తకం తెచ్చింది. సముద్రం మనకి తూర్పునే ఉందని అందులో చూపించింది. తూర్పు గోడకి ఆనించి ఉన్నది పద్మకుమారి గారి వీణ.

శివాజీ చేత తెరిపించమన్నారు. వాడు ఇరవై తొమ్మిదిన విశాఖపట్నం ఎగ్జిబిషన్‌కి వెళ్ళాడు, పది రోజులదాకా రాడు. "ఆడొచ్చేక సూద్దుం, నువ్వు తియ్యలేవులే" అంది జగ్గమ్మ. తియ్యలేనా? నేను తియ్యలేనా? శివాజీకి ఉలి పట్టుకోవడం నేర్పింది ఎవరు? తీశాను. శివాజీ బిగించి వెళ్ళిన తీగలన్నీ విప్పి, అంచు చుట్టూ ఉలి దించి, పలక లేపాను. నా చెయ్యి బాగానే ఉంది. వాడి జిగురు మొండిది. పలక నిలువునా చీలిపోయింది.

లోపల నెత్తళ్ళు లేవు. నెత్తలి తోక కూడా లేదు.

జూన్ ఎనిమిదికల్లా వీణ శ్రీకాకుళం చేరాలి. ఆ పిల్ల పేరు దేవి. వాళ్ళ నాన్న ఆటోలో వచ్చి రెండుసార్లు చూసి వెళ్ళింది. తన మొదటి కచేరీ కనుక ఈ వీణ మీదే వాయిస్తానని మొక్కుకుందట. ఇప్పుడు ఆ వీణ నోరు తెరుచుకుని నా ముందు పడి ఉంది. ఇంకో పలక చెయ్యడానికి నాకు ఏడు రోజులే ఉన్నాయి. నా బతుకులో అన్న రోజుకి వీణ ఇవ్వకపోవడమన్నది లేదు. మొదటిసారి అలా జరిగితే దానికి కారణం మీ కృతజ్ఞత.

ఇట్లు,
జగన్నాధం

తా.క. వాసన ఇంకా వస్తూనే ఉంది. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు గంటలకి ఎక్కువగా వస్తోంది.


ఉప్పలపేట,
జూన్ 4

జగన్నాధం తమ్ముడికి, అప్ప గున్నమ్మ మనసు కుదుటపడక రాయించేది:

నీ ఉత్తరం దుర్గాభవాని రెండుసార్లు చదివింది. మూడోసారి వద్దన్నాను.

సముద్రం వైపంటే తూర్పని నీకెవరు చెప్పారు? మా పేటలో మధ్యాహ్నం గాలి ఎటునుంచి వస్తే అటు సముద్రం. నీ షెడ్డులో కూర్చున్నప్పుడు చల్లగాలి నా కుడిచెంపకి తగిలింది. అటే సముద్రం అనుకున్నాను. నేను చెప్పింది ఆ గోడ. ఇదే మాట రేఖతో అంటే, "మామ్మా, అటేపు గోనె కర్టెన్ ఎనకాల టేబులు ఫ్యానున్నాది" అంది.

తప్పు నాదే. (దుర్గాభవానీ, ఈ ముక్క చిన్న అక్షరాల్లో రాయి.)

ఆ దేవి అనే పిల్లది మొదటి కచేరీ అని నాకు ముందు తెలిసినా, ఆ వీణ మీదే మొక్కుందని తెలియదు. తమ్ముడూ, అవసరమైతే నేను శ్రీకాకుళం వెళ్ళి పద్మకుమారి గారి గుమ్మంలో కూర్చుని, "ఆయన తప్పేటీ లేదమ్మా, ఇది ఈ ముసిల్దాని నిర్వాకం" అని చెప్తాను. ఆవిడ నమ్మకపోతే ఆ పిల్ల కాళ్ళు పట్టుకుంటాను. నేను ఇంతవరకు ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. అలవాటు లేదు గాని నేర్చుకుంటాను.

రెండో వీణ మట్టుకు ముట్టుకోకు. నెత్తళ్ళు పోతే పోయాయి. పలక చేస్తున్నావా? నువ్వే చేస్తున్నావా? పొద్దుటి వెలుతురులో పని చెయ్యి, కళ్ళకి శ్రమ ఉండదు. తిండి మానకు. నాకు జవాబు రాయకపోయినా నేనేమీ అనుకోను. తిట్టాలనిపిస్తే పనయ్యాక తిట్టు, పేజీలు పేజీలు తిట్టు, పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటాను.

నీ పని సమయానికి పూర్తి కావాలని సముద్రం దగ్గరికెళ్ళి దండం పెట్టి వచ్చాను. ఈసారి నిజమైన సముద్రానికే.

ఇట్లు,
గున్నమ్మ (వేలిముద్ర)

తా.క. (దుర్గాభవాని): అయ్యా, అత్త ఇది రాయొద్దంది. రెండు రోజులుగా ఆవిడ సరిగ్గా అన్నం తినడం లేదు, ఎవరినీ తిట్టడం లేదు. పేటంతా భయపడుతోంది. వీణ పూర్తయితే ఒక్క కార్డు ముక్క రాయండి.


బొబ్బిలి,
జూన్ 10

అప్పకి, జగన్నాధం వ్రాసుకుంటున్నది.

ముందు అన్నం తినండి. తరవాత చదివించుకోండి.

పదేళ్ళ కిందట ఒక మంచి పనస పలక దాచిపెట్టుకున్నాను, ఎందుకో అప్పుడు నాకే తెలియదు. అది బయటికి తీశాను. మొదటిరోజు గీత గీయడానికే గంట పట్టింది. గీసి, చెరిపి, మళ్ళీ గీశాను. రెండోరోజు గీత గీయడం మర్చిపోయి కోసేశాను. మూడోరోజు జగ్గమ్మ అన్నానికి పిలిస్తే ఎవరో పక్కింట్లో ఎవర్నో పిలుస్తున్నారనుకున్నాను. ఐదోరోజు పలక అతికించి, తీగలు బిగించి, ఒక్కసారి మీటాను. మీకెలా చెప్పాలి? మీ వలలో మంచి చేప పడితే తాడు పట్టుకున్న చేతికి ముందు తెలుస్తుంది కదా, అలాంటిది.

ఎనిమిదిన బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. కండక్టరు రెండు టికెట్లు తీసుకోమన్నాడు, తీసుకున్నాను. పద్మకుమారి గారు వీణ కుండ మీద వేళ్ళతో తట్టి, చెవి ఆనించి, "ఇది శివాజీ చెయ్యి కాదు మాస్టారూ, మీ చెయ్యి" అన్నారు. నేను తలకాయ వంచుకుని బూట్లు చూసుకున్నాను. అప్పుడు తెలిసింది, నేను చెప్పుల్లో వెళ్ళానని. తొమ్మిదిన దేవి కచేరీ చక్కగా జరిగింది. పిల్లి రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు వద్దన్నా రెండో వీణ కూడా తెరిచాను. ఈసారి పలక చీలలేదు. దానిలోనూ నెత్తళ్ళు లేవు! అప్పా, మీరు పెద్దవారు, అబద్ధాలకోరు అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాశాను. నెత్తళ్ళు ఎక్కడ? ఎక్కడ పెట్టారు?

జవాబు త్వరగా రాయించండి. తరవాత నాకు తీరిక ఉండదు. కొత్త దుంగ దింపించాను.

ఇట్లు,
మీ తమ్ముడు,
జగన్నాధం

తా.క. కంటి డాక్టరు దగ్గరికెళ్ళాను. "ఏం మందు వాడారు, ఇంత మార్పు?" అన్నాడు. "మందు కాదండీ, ఉప్పలపేటలో ఒకావిడ ఉంది" అన్నాను.


ఉప్పలపేట,
జూన్ 14

మరదలు జగ్గమ్మకి, నీ వదిన గున్నమ్మ కడుపారా దీవించి రాయించేది. ఇది గౌరి చేత చదివించుకో. మీ ఆయన షెడ్డులో దుంగ తొలుస్తున్నప్పుడు మాత్రమే చదివించుకో. చప్పుడు ఆగితే చదవడం ఆపమను.

ఒసే జగ్గమ్మా, పనయిపోయింది.

దుర్గాభవాని కలం ఆపి నా మొహం చూస్తోంది. దీనికి ఏమీ తెలియదు. దీనికోసం మళ్ళీ మొదటినుంచి చెప్పాలి.

ఆ రోజు చిన్నోడు లేచి బిస్కత్తు తిన్నాక, నువ్వూ నేనూ పెరట్లో కంచాలు కడుగుతున్నాం. నువ్వు కళ్ళొత్తుకుంటూ, "నీ గుంటడు లేసినాడప్పా. మా ముసిలోడే లేవట్లేదు" అన్నావు. "ఏటైనాదే?" అన్నాను. "కన్ను బాగున్నాదని డాక్టరు సెప్పినాడు. ఈయన నమ్మడు. ఎనిమిది నెల్లుగా కుర్సీ దిగడు. బతిమాలినాను, ఏడిసినాను, మొక్కుకున్నాను" అన్నావు. "బతిమాల్తే లేస్తారేటే? ఆడి పని పాడుసేస్తే లేస్తాడు" అన్నాను. నువ్వు నవ్వావు. నేను నవ్వలేదు.

మా కూర్మయ్య, మా ఇంటాయన, ఒకసారి పడవ బోల్తా పడి బయటపడ్డాక ఏడాదిపాటు సముద్రం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. నేనూ నీలాగే ఏడ్చాను. ఒకరోజు విసుగొచ్చి ఆయన వల కత్తితో మూడుచోట్ల కోసి, పీతలు కొరికాయని చెప్పాను. నన్నూ, పీతల్నీ, వాటి వంశాన్నీ తిట్టి, వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. ఇంకొకళ్ళ ముడి ఆయనకి నచ్చదు కదా! అల్లడం అయ్యాక అది నీళ్ళలో నిలుస్తుందో లేదో చూడాలి కదా! చూడ్డానికి వెళ్ళినవాడు ఇంకో ఇరవై ఏళ్ళు వెళ్ళాడు. పీతల్ని తిడుతూనే పోయాడు పాపం.

మీ ఇంటికి ఇవ్వడానికి నా దగ్గరేముందే? నా పిల్లాడి ఊపిరి తిరిగిచ్చినవాళ్ళకి అరకిలో నెత్తళ్ళు ఒక ఇవ్వడమా? నాకు తెలిసిన విద్య అదొక్కటే, మొగుణ్ణి లేపడం. అదే ఇచ్చాను. వీణలో నేను ఏమీ పెట్టలేదని నీకు తెలుసు. నెత్తళ్ళ మూట నీ కొంగులో కట్టింది నా చేతులే. నువ్వు ఆయన షెడ్డులో ఉన్నప్పుడు వెనకింట్లో గౌరి దగ్గర వేయించుకు తింటున్నావని కూడా తెలుసు. మధ్యాహ్నం పన్నెండింటికి వాసన ఎక్కువగా వస్తోందని ఆయన రాసినప్పుడే తెలిసింది. దొంగముండా, కిటికీ మూసుకోవద్దా?

ఒక్కటి మట్టుకు నేను తప్పు లెక్క వేశాను. గోడ ఏదో తేలకపోతే ముందు ఎవరికీ అక్కర్లేని వీణ తెరుస్తాడనుకున్నాను. ఆడపిల్ల మొదటి కచేరీ వీణ తెరిచాడని వినగానే నా నెత్తి నేనే కొట్టుకున్నాను. వీణ పూర్తయిందని తెలిసేదాకా నేను తిన్నది అన్నం కాదు. దాన్ని కూడా నిలబెట్టింది మీ ఆయన చెయ్యే, నా తెలివి కాదు. ఆ చేతికి నా దండం అని చెప్పు. ఎందుకో చెప్పకు.

నన్ను అబద్ధాలకోరు అన్నాడు. అననీ. నేను ఒట్టు వెయ్యలేదు, అబద్ధం రాయలేదు. నాకు రాయడమే రాదు. రాసింది దుర్గాభవాని.

ఈ రాత్రితో వేట బంద్ తీరుతుంది. రేపు పడవలు దిగుతాయి. పొద్దున్నుంచీ చిన్నోడు ఒడ్డున పరుగులు పెడుతున్నాడు, వెనకాల పరుగెత్తలేక నేను తిడుతున్నాను. ఆ తిట్టే భాగ్యం నువ్విచ్చావే జగ్గమ్మా. నీకూ అన్నానికి పిలిస్తే రాని మొగుడు మళ్ళీ దొరికాడు కదా, గుమ్మంలో నిలబడి గొంతు పోయేలా కేకలెయ్యి.

ఇట్లు,
నీ రుణం తీరకూడదని కోరుకునే వదిన,
గున్నమ్మ (వేలిముద్ర)

తా.క. "నెత్తళ్ళు ఎక్కడ" అని ఆయన అడిగినదానికి జవాబు రాయించను. ఇంట్లో ఇంకేం తెరవాలో ఆయన్నే వెతుక్కోమను.

ఇంకో తా.క. (దుర్గాభవాని): జగ్గమ్మ గారూ, ప్రభుత్వ ఉద్యోగిని చేత ఇన్ని అబద్ధాలు రాయించినందుకు అత్త మీద పై అధికారులకి రాద్దామనుకున్నాను. మా ఆయన గోవింద్ సైకిళ్ళ షాపు మూసి ఆరు నెలలైంది, అరుగు దిగడం లేదు. అందుకని ఊరుకున్నాను. ఏం పాడుచెయ్యాలో చూసి చెప్తానని, రేపు పొద్దున్నే సుత్తి తీసుకుని అత్త మా ఇంటికి వస్తానంది.